కొండెక్కలేని పొగ: కడప నుంచి ప్రాజెక్టు డైరీ

నవంబర్ 5

మా మేడ మీద నిలబడి దక్షిణానికి తిరిగితే పాలకొండలు అడ్డంగా పడుకుని ఉంటాయి. చలికాలం పొద్దున వాటి తల బాగా కనిపిస్తుంది, పాదాలు కనిపించవు. మధ్యలో స్కేలు పెట్టి గీసినట్టు బూడిదరంగు గీత ఒకటి. ఆ గీత కింద కడప ఊరంతా ఉంది, పాలవాడి బైకు ఉంది, దగ్గుకుంటూ నేనూ ఉన్నాను. ఏటా చూస్తున్నదే కానీ ఈసారి ఎందుకో ఆ గీత ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో లెక్కగట్టాలనిపించింది. పగలు ఒక కాలేజీలో ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తాను, కోడింగ్ సొంతంగా నేర్చుకున్నాను, అదీ అరకొరగానే. కాబట్టి దీన్ని పరిశోధన అనను, మొండిపట్టు అనండి.

ఊర్లో ఎవరినడిగినా ఒకటే మాట. పొగంతా ఎక్కడో పడమటి నుంచి కొట్టుకొస్తుందట, కొండలు గోడలా అడ్డం ఉన్నాయి కాబట్టి ఇక్కడ నిలిచిపోతుందట. జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం కింద గాలి బాగోలేని ఊర్ల జాబితాలో మన రాష్ట్రం నుంచి ఉన్న ఊర్లలో కడప, కర్నూలు, అనంతపురం మూడూ ఉన్నాయి, అంటే దుమ్ము సంగతి మా ఒక్కరి బాధే కాదు. కానీ అనంతపురానికి మాలాగా దగ్గరగా కొండల వరస లేదు. మాకు దక్షిణాన పాలకొండలు, పెన్న అవతల లంకమల, ఇంకా పైకి పోతే నల్లమల. పడమర, వాయవ్యం వైపు బయలు. తూర్పున సిద్ధవటం దగ్గర పెన్న కొండల సందు చూసుకుని బయటపడుతుంది. మూతి ఒక పక్కకు తిరిగిన గంప లాంటి ఊరు మాది.

కొండ నిజంగా గోడేనా అన్నదే ప్రశ్న. దానికి ముందు కొండ కావాలి కంప్యూటర్లో.

నవంబర్ 12

ఎత్తుల లెక్కలు ఉచితంగానే దొరుకుతాయి. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అనే స్పేస్ షటిల్ 11 రోజులు తిరిగి రాడార్‌తో భూమి ఎత్తులు కొలిచింది, దాని పేరే ఎస్ఆర్‌టీఎమ్. దాదాపు ప్రతి 30 మీటర్లకూ ఒక ఎత్తు. ఒక్కో ఫైలు ఒక డిగ్రీ చదరం, అడ్డంగా 3601, నిలువుగా 3601 అంకెలు. కడప 78.82 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, 79వ గీత సిద్ధవటానికీ ఒంటిమిట్టకూ నడుమ పోతుంది, కాబట్టి నాకు పక్కపక్క ఫైళ్లు రెండూ కావాల్సి వచ్చాయి. ఈ రెండింటికీ అంచు వరస ఉమ్మడిది అని తెలియక అతికించినప్పుడు ఒక గీత రెండుసార్లు వచ్చింది, అది చిన్న తప్పు.

పెద్ద తప్పు ముందే చేశాను. ఫైలు తెరిచి మా ఇంటి దగ్గర ఎత్తు ఎంతా అని అడిగితే మైనస్ 30,208 మీటర్లు అంది. పాతాళం కూడా అంత లోతుండదు. గంటన్నర తల పట్టుకున్నాక తెలిసింది: ఈ ఫైల్లో ప్రతి ఎత్తూ రెండు బైట్లు, పెద్ద బైటు ముందు. నా ల్యాప్‌టాప్ చిన్న బైటు ముందు అనుకుని చదివింది. 138ని తిరగేసి చదివితే సరిగ్గా మైనస్ 30,208 వస్తుంది. ఒక్క అక్షరం మార్చాక కడప 138 మీటర్ల దగ్గరికి వచ్చి కూర్చుంది.

ఆ ఆనందంలో బొమ్మ గీస్తే పాలకొండలు ఊరికి ఉత్తరాన వచ్చాయి. ఫైలు ఉత్తరపు అంచు నుంచి మొదలవుతుంది, నేను గీసింది దక్షిణం నుంచి. ఇది బొమ్మలో వెంటనే పట్టుబడింది, ఎందుకంటే గువ్వలచెరువు ఘాట్ ఎటుందో కడపలో పసిపిల్లాడికి కూడా తెలుసు, పాలకోవా కోసమైనా పోయి ఉంటాడు. తెలియని ఊరి మీద ఇదే పని చేసి ఉంటే ఆ తలకిందుల కొండతోనే మూడు నెలలు లెక్కలు చేసేవాణ్ణి.

నవంబర్ 20

మొదట అందరూ చేసేదే చేశాను, గాసియన్ ప్లూమ్. పొగ గొట్టం నుంచి పొగ తిన్నగా పోతూ అటూ ఇటూ, పైకీ కిందికీ గంట ఆకారంలో పరుచుకుంటుందనే సూత్రం. ఎక్సెల్‌లో అరగంట పని. ఊరికి వాయవ్యాన 35 కిలోమీటర్ల దూరంలో ఒక ఊహా చిమ్నీ పెట్టాను (నిజమైన ఏ ఫ్యాక్టరీదీ కాదు, నా దగ్గర ఎవరి లెక్కలూ లేవు) పొగను ఊరి మీదికి వదిలాను. వచ్చింది, ఊరు దాటింది, కొండలోకి దూరి అవతలి వైపు బయటపడింది. సూత్రానికి కొండ అన్న సంగతే తెలియదు. పక్కన పెట్టేశాను.

నవంబర్ 28

తర్వాత హైస్ప్లిట్. అమెరికా వాతావరణ సంస్థ నోవా వాళ్ల వెబ్‌సైట్‌లో ఎవరైనా నడుపుకోవచ్చు, గాలి ముద్ద ఒకటి ఎటు నుంచి వచ్చిందో వెనక్కి నడిపి చూపిస్తుంది. మూడు రాత్రులు దాంతోనే గడిచాయి, బాగుంది కూడా. బంగాళాఖాతం మీద నుంచి వచ్చిన దారులు చూస్తుంటే ముచ్చటేసింది. కానీ పాలకొండల దగ్గరికొచ్చేసరికి గాలి దారి కొంచెం కూడా వంగలేదు.

కారణం వాతావరణ డేటాలో ఉంది. ఈఆర్‌ఏ5 అని యూరప్ వాళ్ల డేటా తీసుకుని చూశాను, పావు డిగ్రీకి ఒక గడి, అంటే మన దగ్గర సుమారు 27 కిలోమీటర్లు. ఇంటి నుంచి బండేసుకుని గువ్వలచెరువు దాకా పోతే ఒక గడి అయిపోతుంది. ఆ ఒక్క గడిలో ఊరూ, కొండా, కొండ వెనక చెరువూ అన్నీ కలిపి ఒకటే ఎత్తు. రోడ్డు రోలర్ ఎక్కించినట్టు పాలకొండలు చదునైపోయాయి, అలాంటి మెత్తటి దిబ్బను దాటడానికి గాలికి కష్టమేముంది?

ఇంకో సంగతి, ఆ డేటాలో గంటలన్నీ గ్రీనిచ్ కాలంలో ఉంటాయి. నేను మన కాలమే అనుకుని రెండు రోజులు మధ్యాహ్నపు గాలికి తెల్లవారుజామున వణికాను. ఐదున్నర గంటలు కలపండి, మర్చిపోకండి.

డిసెంబర్ 7

మేడ మీద సెన్సర్ పెట్టాను. పీఎంఎస్5003 అనే దుమ్ము సెన్సర్, దాని అంకెలు రాసుకునే ఈఎస్‌పీ32 బోర్డు, పాత టిఫిన్ డబ్బా. లోపల చిన్న ఫ్యాను గాలిని లాగుతుంది, లేజర్ వెలుగు దుమ్ము మీద పడి చెదిరితే దాన్ని బట్టి పీఎం 2.5 (2.5 మైక్రాన్లకు మించని సన్నటి దుమ్ము) ఎంతో అంచనా వేస్తుంది. అంచనా అనే మాట మీద ఒత్తి చెప్తున్నా. మంచు పట్టిన పొద్దున తేమకు ఉబ్బిన కణాన్ని కూడా ఇది లావు దుమ్ముగానే లెక్కేస్తుంది. అందుకే పక్కనే తేమ కొలిచేది కూడా పెట్టి, తేమ 80 శాతం దాటిన గంటలను బొమ్మలో వేరే రంగులో వేస్తున్నాను. పారేయడం లేదు, నమ్మడమూ లేదు.

మొదటి శుక్రవారం సాయంత్రం అంకె ఒక్కసారిగా ఎగిరింది. గుండె ఝల్లుమంది, ఏదో పట్టేశాను అనుకున్నా. కిందికి దిగి చూస్తే పక్కింటి అక్క సాంబ్రాణి వేస్తోంది. ఏం చేస్తాం, శుక్రవారం ఆరు నుంచి ఏడు గంటల లెక్క కొట్టేస్తున్నాం.

డిసెంబర్ 15

అసలు కావాల్సింది దుమ్ము కంటే ముందు ఉష్ణోగ్రత. మామూలుగా పైకి పోయేకొద్దీ చల్లబడాలి, కదిలే పొడిగాలి అయితే కిలోమీటరుకు 9.8 డిగ్రీలు. కానీ చలికాలం రాత్రి మబ్బు లేకుండా, గాలి లేకుండా ఉంటే నేల వేడి ఆకాశానికి పోయి నేలను ఆనుకున్న గాలి ముందు చల్లబడుతుంది, పైది వెచ్చగా మిగిలిపోతుంది. ఇదే ఇన్వర్షన్, పుస్తకాల్లో ఉష్ణోగ్రతా విలోమం అని రాస్తారు. ఊరి మీద మూత పెట్టినట్టే. దాన్ని కొలవాలంటే బెలూన్ కావాలి. వాతావరణ శాఖ వాళ్లు చెన్నైలో, హైదరాబాద్‌లో పొద్దున ఐదున్నరకు ఎగరేస్తారు, మా కొండ సందులో ఎవరూ ఎగరేయరు. నా దగ్గర బెలూన్ లేదు కానీ కొండ ఉంది కదా!

ఘాట్ రోడ్డులో మా మేడ కంటే దాదాపు 200 మీటర్లు పైన ఒక మలుపు దగ్గర టీ బంకు ఉంది. వాటర్‌ప్రూఫ్ థర్మామీటరు తీగ ఒకటి, బ్యాటరీ, డబ్బా పట్టుకుని పోయాను.

"ఏం సార్, వైర్లు గియర్లు ఉండాయి, బాంబు కాదు గదా ఇది?"

"కాదన్నా, చలి ఎంతుందో రాసుకుంటాది అంతే."

"చలి ఎంతుందో నన్నడుగు, నేను చెప్తా. కింద కడపలో వణుకుతా వస్తారు సార్ లారీ వాళ్లు, ఈడికొచ్చినాక స్వెట్టర్ తీసేస్తారు."

నేను రెండు వారాలుగా పుస్తకాల్లో చదువుతున్నది ఆయన టీ పోస్తూ ఒక్క మాటలో చెప్పేశాడు. డబ్బాను బంకు వెనక వేపచెట్టుకు కట్టాను. నాలుగో రోజుకే కోతులు దాన్ని విప్పి, మూత ఘాట్ లోయలోకి విసిరి, తీగ కొరికి పెట్టాయి. బ్యాటరీ మాత్రం ముట్టుకోలేదు. రెండోసారి ఇనప జల్లెడ చుట్టి, లోపల చీపురుపుల్లలు గుచ్చి కట్టాను, ఇంకా నిలబడే ఉంది.

కోతులు వదిలిపెట్టిన మూడు రాత్రుల లెక్కల్లో ఒకటి చూడండి. పొద్దున ఆరింటికి మా మేడ మీద 16.5 డిగ్రీలు, పైన ఘాట్లో 20.5. మామూలు ప్రకారం పైన రెండు డిగ్రీలు తక్కువ ఉండాలి, నాలుగు ఎక్కువ ఉంది.

డిసెంబర్ 22

ఆదివారం. ఇవాళ మొత్తం ఒకే బొమ్మ చూశాను.

మా అవ్వకు గీజర్ నీళ్లు పడవు. పెరట్లో నీళ్ల పొయ్యి ఉంది, మూడు రాళ్లు, మీద సొట్టల ఇత్తడి అండా. ఐదున్నరకు ఎండు కొబ్బరి మట్టలు పెట్టి వెలిగించింది. పొగ తిన్నగా లేచింది, జామచెట్టు కొమ్మల దాకా వచ్చింది, అక్కడ ఎవరో చెయ్యి అడ్డం పెట్టినట్టు ఆగి, పలచగా అప్పడంలా పరుచుకుంది. పరుచుకుని, నెమ్మదిగా, మనిషి నడక కంటే నెమ్మదిగా, ఉత్తరం వైపు కదిలింది. నేను ఫోన్ స్టాండ్ మీద పెట్టి ఇరవై నిమిషాలు తీశాను. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ఇబ్బంది ఏమిటంటే ఆ గంటకు ఈఆర్‌ఏ5 చెప్తున్నది ఈశాన్యపు గాలి, సెకనుకు రెండు మీటర్లు. ఆ లెక్కన పొగ నైరుతికి, కొండ వైపుకు పోవాలి. ఇది కొండ వైపు నుంచి వస్తోంది.

అవ్వను అడిగాను. "పొయ్యి పొగ చలికాలంలో ఎప్పుడూ వంక దోవే పడతాది అబ్బీ. నీళ్లు యాడికి పోతాయో పొగా ఆడికే పోతాది. ఇప్పుడు చూస్తివా నువ్వు?"

మా ఇల్లు బుగ్గవంక వాగుకు నాలుగు వీధుల ఇవతల. బుగ్గవంక పాలకొండల వైపు నుంచి ఊర్లోకొచ్చి ఉత్తరాన పెన్నలో కలుస్తుంది. రాత్రి కొండ వాలు మీద చల్లబడిన గాలి బరువెక్కి, నీళ్ల లాగే పల్లం చూసుకుని జారుతుంది. దీనికి కటబాటిక్ గాలి అని గ్రీకు పేరుంది, నేను దాన్ని పుస్తకంలో చదివి కూడా మా పెరట్లో ఉంటుందని అనుకోలేదు.

మధ్యాహ్నం కూర్చుని లెక్క వేశాను. కొండ ఎదురైనప్పుడు గాలి ఎంత ఎత్తుకు ఎక్కగలదో చెప్పే పద్ధతి ఒకటుంది, షెపర్డ్ 1956లో చెప్పిన శక్తి వాదం నుంచి వచ్చింది. సూత్రం తేలికే. గాలికి ఉన్న వేగమే దాని పెట్టుబడి. చల్లటి బరువు గాలి వెచ్చటి గాలిలోకి ఎక్కాలంటే ఆ పెట్టుబడి ఖర్చవుతుంది. మూత ఎంత గట్టిగా ఉందో చెప్పే అంకెను ఎన్ అంటారు, వేగాన్ని దాంతో భాగిస్తే ఎక్కగలిగిన ఎత్తు. నా థర్మామీటర్ల లెక్క ప్రకారం మీటరుకు 0.02 డిగ్రీల చొప్పున వేడి పెరుగుతోంది, దానికి 0.0098 కలిపి, గురుత్వ త్వరణం 9.8తో గుణించి, గాలి ఉష్ణోగ్రతతో (కెల్విన్లలో) భాగించి, వర్గమూలం తీస్తే ఎన్ 0.0316 వచ్చింది. గాలి సెకనుకు రెండు మీటర్లు. భాగిస్తే 63 మీటర్లు.

63 మీటర్లు! ఊరి నేల మీద నుంచి 400 మీటర్లున్న గట్టు అనుకుందాం. పైనున్న 63 మీటర్ల మందం గాలి మాత్రమే గట్టు దాటుతుంది, అంటే 337 మీటర్లకు కింద ఉన్నదంతా పక్కకు తిరగాలి, లేదా ఆగిపోవాలి. ఇదే జూలైలో, నైరుతి గాలి సెకనుకు 8 మీటర్లతో కొడుతూ మూత పలచగా, ఎన్ 0.01 ఉంటే? 800 మీటర్లు ఎక్కే సత్తువ ఉంటుంది, 400 మీటర్ల గట్టు దానికి గడపతో సమానం. అదే కొండ, జూలైలో గడప, డిసెంబర్లో గోడ. ఊరి పేరే గడప నుంచి వచ్చిందంటారు కదా, తిరుమలకు గడప అని. అది గుర్తొచ్చి కాసేపు నవ్వుకున్నా.

1930 డిసెంబర్లో బెల్జియంలోని మ్యూజ్ లోయలో ఫ్యాక్టరీల పొగ ఇలాగే మూత కింద రోజుల తరబడి ఇరుక్కుని 60 మందికి పైగా చనిపోయారు, 1948 అక్టోబర్లో అమెరికాలో డొనోరా అనే నది ఒడ్డు ఊర్లో 20 మంది. మాది అంత ఇరుకు లోయ కాదు, పగలు ఎండ కూడా మూతను ఉండనివ్వదు. అయినా ఆ రాత్రి నిద్ర సరిగ్గా పట్టలేదు, టెన్షన్ అనలేను కానీ ఏదో.

జనవరి 4

సెలవుల్లో గాలి మోడల్ రాశాను. డబ్ల్యూఆర్‌ఎఫ్ లాంటి పెద్ద మోడల్ నడపాలంటే మంచి సర్వర్ కావాలి, నా ల్యాప్‌టాప్ వీడియో ఎడిటింగ్‌కే మూలుగుతుంది. అందుకని ద్రవ్యనిత్యత్వం మీద నడిచే పాత పద్ధతి పట్టుకున్నా. ముందు గాలిని ఉజ్జాయింపుగా అంతటా నింపుతాం. కొండ తగిలిన చోట అది తప్పని తెలుస్తుంది, ఎందుకంటే గాలి కొండలోకి పోలేదు. అప్పుడు ప్రతి గడిలోకి వచ్చే గాలీ బయటికి పోయే గాలీ సమానమయ్యేదాకా, వీలైనంత తక్కువ మార్పుతో, అన్నిటినీ సర్దుతాం. చెరువు కింద పొలాలకు నీళ్లు వంతులేసినట్టు.

60 కిలోమీటర్ల చదరం, 250 మీటర్ల గడి, పైకి 20 అంతస్తులు. 240ని 240తో, మళ్లీ 20తో గుణిస్తే 11,52,000 గడులు. మొదట నేనే లూప్ రాసుకుని నడిపితే ఒక రాత్రంతా పట్టింది, సైపై అనే పైథాన్ లైబ్రరీలో ఇలాంటి పెద్ద సమీకరణాల గుంపుల కోసం ఉన్న స్పార్స్ సాల్వర్‌కు అప్పగిస్తే టీ తాగి వచ్చేలోపు అయిపోయింది. ఆ రాత్రి కరెంటు బిల్లు తిరిగి రాదు.

30 మీటర్ల ఎత్తులను 250 మీటర్లకు సగటు చేస్తే గట్టు అంచు అరుగుతుంది, సన్నటి సందులు పూడుకుపోతాయి. గండికోట లోయ లాంటి చీలిక అయితే ఒక కిలోమీటరు గడుల్లో గుర్తు కూడా పట్టలేం. సిద్ధవటం దగ్గర పెన్న సందు 250 మీటర్లలో నిలిచింది కానీ ఒక కిలోమీటరులో పక్క గుట్టలు దాని మీదికి ఒరిగి సగం మూసేశాయి. ఆ సందు మూస్తే రాత్రి గాలి బయటపడే దారే లేదు, ఊరంతా బానలా నిండుతుంది. గడి సైజు అనేది చిత్రం ఎంత స్పష్టంగా వస్తుందన్న సంగతే అనుకునేవాణ్ణి, కాదు, అది జవాబునే మార్చేస్తోంది.

ఈ పద్ధతిలో ఒక గూడు పుఠాణి ఉంది. కొండ ఎదురైతే గాలి పైకెక్కాలా, పక్కకు తిరగాలా అన్నది ఆల్ఫా అనే ఒక్క అంకెను బట్టి ఉంటుంది, ఆ అంకె మనమే ఇవ్వాలి. అంటే జవాబు నేనే రాసిచ్చి మళ్లీ మోడల్‌ను ప్రశ్న అడుగుతున్నట్టు. ఇది తెలిశాక రెండు రోజులు మోడల్ ముఖం చూడలేదు. చివరికి ఆ అంకెను నా ఇష్టానికి వదలకుండా, ఘాట్ థర్మామీటరుకూ మేడ థర్మామీటరుకూ ఉన్న తేడాను బట్టి గంట గంటకూ మారేలా కట్టేశాను. కోతుల దయ మీద నడిచే మోడల్ అన్నమాట.

ఇంకోటి, ఈ లెక్కకు చలి అంటే తెలియదు, కాబట్టి వాలు గాలి దానంతటది పుట్టదు. వాలు ఎటుంది, ఎంత నిటారు, చలి ఎంత అన్న మూడింటిని బట్టి నేలకు దగ్గరి అంతస్తుల్లో కిందికి జారే గాలిని విడిగా కలిపి, ఆ తర్వాత సర్దుబాటు చేయించాను. ఇప్పుడు మా పెరట్లో బాణం గుర్తు ఉత్తరానికి తిరిగింది. అవ్వకు చూపిస్తే కళ్లజోడు పెట్టుకుని చూసి, "ఇది నేను చెప్పిందే గదా" అంది.

జనవరి 9

పొగ బదులు కణాలు. 20,000 చుక్కలను వదిలి, ప్రతి చుక్కనూ గాలి మోసుకుపోయేలా, దాని మీద కల్లోలం కొద్దిగా అటూ ఇటూ నెట్టేలా రాశాను. 60 సెకన్లకో అడుగు అనుకున్నా. సెకనుకు 5 మీటర్ల గాలి ఉంటే ఒక్క అడుగులో 300 మీటర్లు, నా గడే 250. చుక్కలు గట్టు అంచును తాకకుండానే ఇవతల నుంచి అవతలికి దూకేశాయి, గోడ దూకే పిల్లుల్లా. అడుగు 10 సెకన్లకు తగ్గించాక ఆగాయి.

దీని తర్వాత చేసిన తప్పు నిజంగా బాధ పెట్టింది. చిత్రం అద్భుతంగా వచ్చింది, కొండ పాదాల దగ్గర నేలను ఆనుకుని దట్టంగా చుక్కలు, నేను రోజూ చూసే బూడిద గీత అచ్చుగుద్దినట్టు. స్క్రీన్‌షాట్ తీసి నలుగురికి పంపాను. భౌగోళిక శాస్త్రం చెప్పే మా సీనియర్ సార్ ఒక్కరే అడిగారు: "బాగుంది నాయనా, పొగ వదలకుండా చూశావా ఎప్పుడన్నా?"

అర్థం కాలేదు మొదట. ఆలోచిస్తే, ఆయన అడిగింది పరీక్ష. గాలిలో ముందే చుక్కలన్నీ సమానంగా కలిపేసి వదిలితే, ఎంతసేపైనా అవి సమానంగానే ఉండాలి, ఒకచోట గుమిగూడకూడదు. టామ్సన్ 1987లో దీన్నే నియమంగా పెట్టాడని తర్వాత చదివాను. నడిపి చూస్తే నా చుక్కలు అరగంటలో నేల దగ్గర కుప్పపడ్డాయి. కల్లోలం నేల దగ్గర తక్కువ, పైన ఎక్కువ. పైన జోరుగా కదిలే చుక్క కిందికి వచ్చి, అక్కడ నెమ్మదించి ఇరుక్కుపోతుంది, దాన్ని సరిచేసే చిన్న పదం ఒకటి కలపాలి, నేను కలపలేదు. అంటే నా అందమైన బూడిద గీతలో చాలావరకు నా కోడ్ తప్పే. కలిపాక గీత పలచబడింది, కానీ పోలేదు. స్క్రీన్‌షాట్ పంపిన నలుగురికీ మళ్లీ మెసేజ్ పెట్టాను, పరువు పోయింది కానీ సార్‌కు మాత్రం కారం దోశ బాకీ ఉన్నా.

భోగి

ఏడాదికి ఒకసారి ఊరు ఊరంతా ఒకే గంటలో, అదీ తెల్లవారుజామున, అదీ నేల మీద, పొగ వదులుతుంది. ఇంతకంటే మంచి ప్రయోగం డబ్బు పెట్టినా దొరకదు. పెన్న ఒడ్డున చెన్నూరులో ఒక స్నేహితుడి మేడ మీద ఇంకో సెన్సర్ ముందురోజే పెట్టి వచ్చా. మా వీధి నుంచి ఉత్తరానికి పది కిలోమీటర్ల లోపు.

నాలుగున్నరకు మా వీధి మంట. పాత మంచం పట్టెలు, విరిగిన కుర్చీ, పిల్లలు గుచ్చిన పిడకల దండలు, ఎవరో టైరు తెస్తే కసిరాను, ఇంకెవరో నేను చూడనప్పుడు వేసేశారు. నల్లటి పొగ రెండో అంతస్తు సన్‌షేడ్ దాకా లేచి అక్కడి నుంచి వంక వైపుకు వంగింది. ఐదింటికి సెన్సర్ అంకె ఎంత పోయిందో రాయను, తేమ 80 దాటి ఉంది కాబట్టి దాని మీద నాకే నమ్మకం లేదు. సమయాల మీద నమ్మకముంది.

మోడల్ ముందే నడిపి పెట్టుకున్నా. సెకనుకు దాదాపు ఒక మీటరు చొప్పున జారే గాలి, కడప పొగ 7:10 ప్రాంతంలో చెన్నూరు చేరాలి. సెన్సర్లో రెండు ఎగుడులు వచ్చాయి. మొదటిది ఐదింటికి, అది వాళ్ల సొంత మంటలు. రెండోది 7:45కు.

ఎగిరి గంతెయ్యాలనిపించింది, వెయ్యలేదు. 35 నిమిషాల తేడా పెద్ద విషయం కాదు. కానీ సూర్యుడు 6:40 ప్రాంతంలో లేస్తాడు, ఎండ తగిలాక నేల వేడెక్కి గాలి గిలక్కొట్టినట్టు కలుస్తుంది, రాత్రంతా పైన పలచగా పరుచుకున్న పొగ ఒక్కసారిగా నేలకు దిగుతుంది. ఫ్యూమిగేషన్ అంటారు దీన్ని. 7:45కు వచ్చింది మా కడప పొగా, పైనుంచి దిగిన వాళ్ల పొగా అన్నది ఒక్క సెన్సర్ చెప్పలేదు. మధ్యలో ఇంకో రెండు ఉంటే వరసగా ఒకదాని తర్వాత ఒకటి ఎగుడు వచ్చిందా లేదా చూసి తేల్చొచ్చు. పై ఏడాది భోగికి.

ఒకటి మాత్రం అదే రోజు చూశాను. వాయవ్యాన పెట్టిన ఆ ఊహా చిమ్నీని కూడా ఆ రాత్రే నడిపాను, చాలా ఎత్తు నుంచి పొగ వదిలేలా. దాని చుక్కలు మూత పైనే తేలిపోయాయి, తెల్లవారేదాకా ఊరి నేలకు చేరినవి వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని. వీధి మంటలవి మాత్రం వదిలిన చోటే, మూత కిందే. ఈ లెక్క ఫ్యాక్టరీలకు క్లీన్ చిట్ ఇస్తుందని ఎవరూ వాడుకోకండి, ఎండెక్కాక పైనున్నదీ దిగుతుంది, పొట్టి గొట్టాల సంగతి వేరు, క్వారీ దుమ్ము వేరు. కానీ చలికాలం తెల్లవారుజామున మా వీధిలో నేను పీల్చే పొగ మా వీధిదే అని ఇప్పుడు గట్టిగానే అంటాను.

ఫిబ్రవరి 16

పగటి గాలి చూడాలి. రాత్రి కిందికి జారిన గాలే పగలు ఎండకు వేడెక్కిన వాలు పట్టుకుని పైకి పాకుతుందని పుస్తకం. పొగ పెట్టి చూద్దామంటే ఈ కాలంలో అడవి దగ్గర అగ్గిపుల్ల గీయడం పాపం, నేరం కూడా. జిల్లేడు కాయలు అప్పుడప్పుడే పగులుతున్నాయి. కొండ మొదట్లో రోడ్డు పక్కన కూర్చుని ఒక కాయ విప్పి దూదిపింజలు ఒక్కొక్కటే వదిలాను. పొద్దున ఎనిమిదికి వదిలినవి కాళ్ల దగ్గరే పడ్డాయి. తొమ్మిదిన్నరకు రెండు పక్కకు పోయాయి. పదకొండుకు వదిలిన పింజ భుజం ఎత్తులో పోయి, రాయి దగ్గర కాస్త తటపటాయించి, వాలు పట్టుకుని పైకి పైకి, కళ్లు చికిలించినా కనపడనంత దాకా పోయింది. గొర్రెలు కాసే పెద్దాయన ఒకరు ఆగి చాలాసేపు చూసి, ఏమీ అనకుండా, తనూ ఒక కాయ తెంపి ఊదాడు.

మోడల్లో ఈ మార్పిడి తొమ్మిదింటికే జరిగిపోతోంది. వాలు ఎటు తిరిగి ఉంటే ఎండ ఎప్పుడు తగులుతుందో నేను లెక్కలోకి తీసుకోలేదు. పాలకొండలు ఊరి వైపు చూపించేది ఉత్తరపు ముఖం, ఫిబ్రవరి సూర్యుడు దక్షిణంగా నడుస్తాడు, కాబట్టి ఆ ముఖానికి ఎండ ఆలస్యం. ఎత్తుల ఫైలు నుంచే నీడ లెక్క తీయొచ్చు, రాస్తున్నాను.

మార్చి 2

నీడ లెక్క కలిపాక మార్పిడి పదిన్నరకు వచ్చింది, పింజలతో దాదాపు సరిపోయింది. ఘాట్ డబ్బా బ్యాటరీ మార్చడానికి పోతే టీ బంకు అన్న జల్లెడ మీద రేకు ముక్క కూడా కొట్టి పెట్టాడు, "వానొస్తే తడుస్తాది గదా సార్" అని. డబ్బులిస్తే తీసుకోలేదు. అయితే రేకు ఎండకు కాలి థర్మామీటరు మధ్యాహ్నం మూడు డిగ్రీలు ఎక్కువ చూపిస్తోంది, ఆయనకు ఎలా చెప్పాలో తెలియక సున్నం డబ్బా తీసుకుపోయి తెల్లగా పూసొచ్చాను.

ప్రస్తుతం 100 మీటర్ల గడులతో నడుపుతున్నా, 72 లక్షల గడులు, మెమరీ చాలక ల్యాప్‌టాప్ రెండుసార్లు ఆగిపోయింది. సిద్ధవటం సందు ఒక్కదాన్నే కత్తిరించి విడిగా నడిపితే ఎలా ఉంటుందో చూస్తున్నా. అవ్వ నీళ్ల పొయ్యి ఇంటికి ఉత్తరం పక్కకు మార్చాం, ఇప్పుడు పొగ మా వంటింట్లోకి రావడం లేదు, సాంబ్రాణి అక్క వాళ్ల వరండాలోకి పోతోంది. రాత్రికి ఆమెతో మాట్లాడాలి.